నోటిమాటతో హక్కు చేతులు మారదు

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి చందానగర్, హఫీజ్‌పేట దాటి హైటెక్ సిటీలో దిగే జనంలో రెండు రకాల రచయితలుంటారు. పగలంతా కంపెనీ కోసం కోడ్ రాసేవారు ఒకరు. రాత్రిళ్లు కథో, నవలో, యూట్యూబ్ పాటో రాసుకునేవారు మరొకరు. చాలాసార్లు ఆ ఇద్దరూ ఒకే మనిషి. మన కాపీరైట్ చట్టం దృష్టిలో కథా సాహిత్యమే, కోడూ సాహిత్యమే. 1984 సవరణతోనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘సాహిత్య రచన’ల జాబితాలో చేరింది. అయినా ఈ రెండు రాతల గురించి మన అంచనాలు తలకిందులుగా ఉన్నాయి. నేను రాసిన కోడ్ నాదేనని ఉద్యోగి అనుకుంటారు. సాధారణంగా అది కంపెనీది. పదివేలు చేతిలో పెట్టారు కాబట్టి నవల చేజారిపోయిందని రచయిత అనుకుంటారు. చట్టం లెక్కలో అది చాలావరకు ఇంకా ఆ రచయితదే.

రెండింటికీ చట్టం ఒక్కటే. తేడా అంతా కాగితం దగ్గరుంది. ఐటీ కంపెనీ తనకు కావలసింది పేరాలకు పేరాలు రాయించుకుంటుంది. తెలుగు ప్రచురణ రంగం, పత్రికలు, సినిమా పరిశ్రమ ఇప్పటికీ ఎక్కువగా నోటిమాట మీద నడుస్తున్నాయి. తెలుగు రచయిత నష్టపోతున్నది చట్టం లేక కాదు. చట్టం ఇచ్చిందేమిటో తెలియక, తెలిసినా రాయించుకోలేక నష్టపోతున్నారు.

పుట్టుకతోనే హక్కు

1957లో పార్లమెంటు ఆమోదించి, 1958 జనవరి 21 నుంచి అమల్లోకి వచ్చిన కాపీరైట్ చట్టం మౌలికంగా చెప్పేది చాలా సూటిగా ఉంటుంది. రచన కాగితం మీదో, తెర మీదో రూపం దిద్దుకున్న క్షణం నుంచే హక్కు రచయితకు దఖలు పడుతుంది. దరఖాస్తు అక్కర్లేదు, ముద్ర అక్కర్లేదు. పుస్తకం లోపలి పేజీలో ‘సర్వహక్కులు రచయితవి’ అని వేసినా వేయకపోయినా ఒకటే. ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. రేపు తగాదా వస్తే అది ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది, అంతవరకే దాని విలువ.

రక్షణ దేనికన్న దగ్గరే అపోహలు ఎక్కువ. ఆలోచనకు కాపీరైట్ లేదు, ఆ ఆలోచనను చెప్పిన తీరుకే ఉంది. ‘హమ్ హిందుస్తానీ’ అనే తన నాటకాన్ని కాపీ కొట్టి ‘న్యూఢిల్లీ’ సినిమా తీశారని ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్థిరపరిచింది. ప్రాంతీయ దురభిమానం అనే ఇతివృత్తం రెండింటిలోనూ ఉన్నా, దాన్ని నడిపిన తీరు వేరని తేల్చింది. నాటక రచయిత ఓడిపోయారు. చదివినవారికీ చూసినవారికీ రెండోది మొదటిదాని నకలేనని అనిపించి తీరాలి, అదీ కొలమానం.

తెలుగులో ఈ కొలమానానికి పరీక్ష ‘శ్రీమంతుడు’. ‘స్వాతి’ పత్రికలో వచ్చిన ‘చచ్చేంత ప్రేమ’ నవల ఆధారంగానే 2015 నాటి ఆ సినిమా తీశారని నవలా రచయిత కోర్టుకెక్కారు. కేసు కొట్టివేయడానికి తెలంగాణ హైకోర్టు ఒప్పుకోలేదు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యానికి నిరాకరించింది. ఆరోపణ నిజమా కాదా అన్నది విచారణలో తేలాల్సిన సంగతి. అయితే ఒక పత్రిక నవలా రచయిత భారీ సినిమా మీద సుప్రీంకోర్టు గుమ్మం దాకా నిలబడగలిగారంటే కారణం ఒకటే. ఆయన రచన అంతకుముందే అచ్చులో ఉంది. ప్రసాద్ ల్యాబ్ మెట్ల మీద సినిమావారికి నోటితో చెప్పిన కథకు ఆ బలం ఉండదు. అందుకే కథ వినిపించే ముందే నిండుగా రాసి, తేదీతో సహా ఈమెయిల్లో పంపుకోవడం రచయితకు తొలి రక్షణ.

రచయిత వేరు, యజమాని వేరు

హక్కు రచయితకే పుడుతుందన్న సూత్రానికి పెద్ద మినహాయింపు ఉద్యోగం. 17(సి) సెక్షన్ ప్రకారం ఉద్యోగ బాధ్యతల్లో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి యజమాని కంపెనీయే. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ టవర్లలో రోజూ పుట్టే కోడంతా ఈ వాక్యం కింద కంపెనీల ఖాతాలో పడుతుంది. రాసినవారు రచయితలుగా మిగులుతారు, యజమానులు కారు.

ఇక్కడే రెండు మెలికలున్నాయి. మొదటిది, ఫ్రీలాన్సర్లది. జీతం మీద పనిచేసేవారికీ, పని ఒప్పుకుని చేసిచ్చేవారికీ చట్టం తేడా చూపిస్తుంది. బయటి నుంచి పని చేసిచ్చే ప్రోగ్రామర్ సంతకం పెట్టి రాసివ్వనంత వరకు ఆ కోడ్ మీద హక్కు అతనిదే. డబ్బు ముట్టింది కాబట్టి సాఫ్ట్‌వేర్ మనదైపోయిందనుకునే చిన్న స్టార్టప్‌లు, పెట్టుబడి పెట్టేవారు కాగితాలు అడిగినప్పుడు గానీ ఈ సంగతి తెలుసుకోవు. రెండోది, శనాదివారాల్లో చేసుకునే సొంత పని. ఉద్యోగానికి సంబంధం లేకుండా, కంపెనీ లాప్‌టాప్ వాడకుండా రాసుకున్న యాప్‌గానీ నవలగానీ చట్టం ప్రకారం ఉద్యోగిదే. కానీ ‘ఉద్యోగ కాలంలో సృష్టించిన సమస్తమూ కంపెనీదే’ అన్న ధోరణిలో రాసిన క్లాజు ఆఫర్ లెటర్‌లో ఉంటే తగాదాకు తావిచ్చినట్టే. సీటీసీ, నోటీస్ పీరియడ్, జాయినింగ్ బోనస్ అంకెలను భూతద్దం పెట్టి చూసేవారు ఈ పేజీని మాత్రం చదవకుండా తిప్పేస్తారు.

కోడ్ మీద హక్కు ఎంత పదునైనదో హైదరాబాద్‌కు 2005లోనే తెలిసొచ్చింది. రిలయన్స్ తక్కువ ధరకు ఇచ్చిన హ్యాండ్‌సెట్లలోని ప్రోగ్రామ్‌ను మార్చి, తమ నెట్‌వర్క్‌లో పనిచేసేలా చేశారని టాటా ఇండికామ్ ఉద్యోగుల మీద కేసు పెట్టారు. సెల్‌ఫోన్ కూడా కంప్యూటరేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. ఐటీ చట్టం 65వ సెక్షన్, కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద దర్యాప్తును ఆపడానికి ఒప్పుకోలేదు. 63వ సెక్షన్ కింద శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఈ నేరానికి పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, ఇది బెయిలబుల్ కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదే కాపీరైట్‌ను తిప్పి వాడుకున్న ఉద్యమమూ హైదరాబాద్ ఐటీ కారిడార్‌కు కొత్త కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, తెలుగు వికీపీడియా వాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు హక్కును వదులుకోవడం వల్ల పనిచేయడం లేదు. ‘ఎవరైనా వాడుకోండి, కానీ మా పేరు చెప్పండి, మీరు మార్చినదాన్నీ ఇలాగే పంచండి’ అని షరతు పెట్టగలుగుతున్నారంటే ఆ షరతు వెనుక కాపీరైట్ ఉండబట్టే. రచయిత ఉదారంగా ఉండటానికి కూడా ముందు తన హక్కు తనకు తెలియాలి.

రాయకపోతే చట్టమే రాస్తుంది

కంపెనీ ఒప్పందాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, రాబోయే అన్ని మాధ్యమాల్లో’ అన్న మాటలు ఎందుకుంటాయి? 18, 19 సెక్షన్లు చదివిన లాయరు రాశాడు కాబట్టి. హక్కు బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగానే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా లేనంత వరకు, అది రచయితకు తిరిగొస్తుంది. ఒప్పందం నాటికి పుట్టని, లేదా వాణిజ్యంగా వాడుకలో లేని మాధ్యమానికి, పేరు పెట్టి రాసుకుంటే తప్ప, బదలాయింపు వర్తించదని 2012 సవరణ చేర్చింది.

ఈ నియమాలను తెలుగు ప్రచురణ వాడుకకు అన్వయించి చూడండి. ‘కాపీరైట్ అమ్మేశాను’ అని వాపోయే రచయితలు చాలామంది సంతకం పెట్టింది వోచరు మీద. వోచరు డబ్బు ముట్టిందని చెబుతుంది, హక్కు మారిందని చెప్పదు. ఆ పరిస్థితిలో ప్రచురణకర్తకు దక్కింది మహా అయితే ఆ కూర్పు అచ్చు వేసుకునే అనుమతి. ఈబుక్, ఆడియో, అనువాదం, వెబ్ సిరీస్ హక్కులు కదల్లేదు. వారపత్రికలో సీరియల్ వేసుకోవడానికి ఇచ్చిన అనుమతి సినిమాకు పనికిరాదు. పత్రికలో జీతానికి పనిచేసే విలేకరి రాసిన వ్యాసం మీద కూడా యాజమాన్యానిది పత్రికలో ప్రచురించే హక్కే. పుస్తకంగా వేసుకోవడం వంటి మిగతా హక్కులు, వేరే ఒప్పందం లేకపోతే, రాసినవారివే. విలేకరికి 17(ఎ) ఇచ్చిన ఈ వెసులుబాటు 17(సి) కింద సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు లేదు.

డబ్బుతో ముడిపడని హక్కులూ ఉన్నాయి. ఇది నా రచన అని చెప్పుకునే హక్కు, పరువు పోయేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ ఇస్తుంది. కాపీరైట్ అంతా అమ్ముకున్నా ఇవి రచయిత దగ్గరే ఉంటాయి, తర్వాత వారసులూ అడగవచ్చు. తన నవల ‘ఆప్ కా బంటీ’ని సినిమాలో వికృతం చేశారని మన్నూ భండారీ 1986లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది ఈ బలంతోనే. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ సెక్షన్ రోజూ ఉల్లంఘనకు గురవుతోంది. ఎవరో చెమటోడ్చి రాసిన కథ కింద పేరు తీసేసి ‘సేకరణ’ అని పెట్టి పంపేస్తారు. దొంగతనం అంటే ఒప్పుకోరు, మంచి కథ నలుగురికీ పంచాం అంటారు. యూట్యూబ్‌లో నవలలు మొదటి నుంచి చివరి దాకా చదివి ప్రకటనల ఆదాయం తీసుకునే చానళ్లదీ ఇదే వాదన. రచయిత పేరు చెప్పినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. రెండూ వేర్వేరు హక్కులు, రెండూ కావాలి.

పాట చెప్పిన పాఠం

రాయించుకోకపోతే ఏమవుతుందో పాటల చరిత్ర చెబుతుంది. సినిమా కోసం డబ్బిచ్చి చేయించిన సంగీతం నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గీత రచయితలు, స్వరకర్తలు మూడున్నర దశాబ్దాలు రాయల్టీకి దూరమయ్యారు. జావేద్ అఖ్తర్ వంటివారు పార్లమెంటులోనూ బయటా పోరాడాక 2012 సవరణ వచ్చింది. థియేటరులో సినిమాతో పాటు కాక, మరెక్కడ ఆ పాట వాడినా వచ్చే రాయల్టీలో సగం వాటాను రచయిత, స్వరకర్త వదులుకోలేరు. వదులుకున్నట్టు ఒప్పందం రాసినా చెల్లదు.

2017 మార్చిలో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వెళ్లినప్పుడు తెలుగువారు నివ్వెరపోయారు. తాను పాడిన పాట తాను పాడుకోవడానికి అనుమతేమిటన్నారు. చట్టం దృష్టిలో ఒక పాటలో సాహిత్యం, స్వరం, గానం, రికార్డింగు నాలుగు వేర్వేరు హక్కులు. గాయకుడికి తన గానం మీద హక్కుంది, బాణీ మీద లేదు. స్నేహం మీద కోపతాపాలు ఎన్నయినా ఉండనీ, ఆ నోటీసు బయటపెట్టింది మాత్రం వేదిక కచేరీలకు లైసెన్సు తీసుకునే అలవాటు మన నిర్వాహకులకు లేదన్న సంగతి.

చట్టం చేయి అందని చోటూ ఉంది. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకు సుద్దాల అశోక్ తేజ రాసిన ‘సారంగ దరియా’కు మూలం తెలంగాణ జానపదం. ఆ పాటను ముందు వెలుగులోకి తెచ్చిన గాయని గుర్తింపు అడిగారు. కర్త తెలియని జానపదానికి కాపీరైట్ లేదు, సేకరించినవారికీ లేదు. కొత్తగా కట్టిన సాహిత్యానికి, బాణీకి, రికార్డింగుకు మాత్రం ఉంది. ఊరిది ఊరికే మిగిలి, హంగులు దిద్దినవారికి హక్కు దక్కే ఈ ఏర్పాటు న్యాయమేనా అన్నది చర్చించాల్సిన ప్రశ్న. జవాబు ఏదైనా, జానపదం పాడించుకునే స్టూడియోలు పాట ఎవరి నోట విన్నారో వీడియో కింద రాయడానికి చట్టం మారే దాకా ఆగనక్కర్లేదు.

పాఠకుడి వాటా

రచయిత హక్కుకు హద్దులు గీసిందీ ఈ చట్టమే. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు, వార్తకు తగిన మేరకు వాడుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థికి దీని విలువ తెలుసు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రెస్‌లు ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జిరాక్స్ షాపు మీద వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు పాఠ్యాంశాల మేరకు కోర్స్ ప్యాక్‌లు తయారు చేయడం తప్పు కాదంది. ఆ వెసులుబాటు అమీర్‌పేట కోచింగ్ మెటీరియల్‌కు, టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు అమ్మేవారికి వర్తించదు. ఒక టీచరు ఫిర్యాదు మీద 2022లో ఢిల్లీ హైకోర్టు అలాంటి చానళ్లు నడిపేవారి వివరాలు ఇవ్వాలని టెలిగ్రామ్‌నే ఆదేశించింది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొనడం మాత్రం నూటికి నూరు పాళ్లు చట్టబద్ధం. ఒకసారి అమ్ముడుపోయిన ప్రతి మీద రచయిత పట్టు ఉండదు. చూపు లేనివారి కోసం పుస్తకాన్ని బ్రెయిలీలోకో, ఆడియోలోకో మార్చడానికి అనుమతి అడగనక్కర్లేదు. ఈ విషయంలో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

రెండో హద్దు కాలం. రచయిత కన్నుమూసిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్లు గడిచాక రచన ప్రజల సొత్తు. మొదట ఇది 50 ఏళ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద విశ్వభారతి హక్కు ముగిసిపోతున్న వేళ, 1992లో మరో పదేళ్లు కలిపి అందరికీ వర్తింపజేశారు. గురజాడ, కందుకూరి, గిడుగు ఎప్పుడో అందరివారయ్యారు. సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014లో, ఉన్నవ లక్ష్మీనారాయణ రచనలు 2019లో ఆ వరసలో చేరాయి. జాషువా 2032లో, విశ్వనాథ 2037లో, చలం 2040లో, శ్రీశ్రీ 2044లో చేరతారు. అంతదాకా ‘మహాకవి అందరివాడు’ అన్న మాట అభిమానమే, అనుమతి కాదు. అమెరికాలో లెక్క వేరు. అక్కడ పాత ప్రచురణలకు చాలావాటికి అచ్చయిన నాటి నుంచి 95 ఏళ్లు. ఇక్కడ స్వేచ్ఛగా వేసుకునే పుస్తకం డల్లాస్ తెలుగు సంఘం వేసుకుంటే చిక్కు రావచ్చు.

లింగంపల్లికి దగ్గర్లోని ట్రిపుల్ ఐటీ ఈ విషయంలో పెద్ద ప్రయోగశాల అయింది. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు అదొక ముఖ్య స్కానింగ్ కేంద్రంగా పనిచేసింది. మరుగున పడాల్సిన తెలుగు పుస్తకాలు దానివల్లే దొరుకుతున్నాయి. ఆ స్కాన్లు తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కూ చేరాయి. వాటిలో హక్కులు తీరనివీ ఉన్నాయి. కానీ చాలా పుస్తకాలకు వారసులెవరో, అనుమతి ఎవరిని అడగాలో తెలియదు. అడగాలనుకున్నవాడికి కూడా చిరునామా దొరకని పరిస్థితి రచయితకూ పాఠకుడికీ నష్టమే.

కాగితం సిద్ధంగా ఉందా?

ఇప్పుడు ఈ లెక్కలన్నింటినీ కృత్రిమ మేధ తిరగదోడుతోంది. తమ వార్తలతో శిక్షణ ఇచ్చుకున్నారని ఏఎన్ఐ సంస్థ ఓపెన్‌ఏఐ మీద 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కేంద్రం వేసిన కమిటీ 2025 డిసెంబరులో బయటపెట్టిన పత్రం, ఏఐ కంపెనీలకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చి రచయితలకు రాయల్టీ పంచాలని ప్రతిపాదించింది. కాదనే హక్కు రచయితకు లేకపోవడం మంచిదా అన్నది వేరే వాదన. రాయల్టీ పంచే వ్యవస్థ ఏదొచ్చినా మొదట అడిగేది ఒక్కటే: ఈ రచన మీద హక్కు ఎవరిదో చూపించండి.

అందుకు చేయాల్సినవి పెద్దవేం కావు. తెలంగాణ సాహిత్య అకాడమీ, రచయితల సంఘాలు, హైదరాబాద్ బుక్ ఫెయిర్ నిర్వాహకులు కలిసి తెలుగులో రెండు పేజీల నమూనా ఒప్పందం తయారు చేయాలి. అచ్చు, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, ఏఐ శిక్షణ ఒక్కోదానికి విడిగా గడి ఉండాలి. ఎన్నేళ్లు, ఏ దేశాలు, ఎంత శాతం, ఏ నెలలో లెక్క చెబుతారు, ప్రతులు అయిపోయి మళ్లీ వేయకపోతే హక్కు ఎప్పుడు తిరిగొస్తుంది అన్నవి ఖాళీలుగా వదిలితే, నింపుకోవడం రచయిత, ప్రచురణకర్తల పని. నిజాయితీగల ప్రచురణకర్తకు దీనివల్ల పోయేదేమీ లేదు. తాను వేసిన పుస్తకం దొంగ పీడీఎఫ్ వచ్చిన రోజున కోర్టులో నిలబడటానికి అతనికీ అదే ఆధారం. వారసులూ, ప్రచురణకర్తలూ హక్కుదారుల వివరాలు నమోదు చేసే ఉమ్మడి జాబితాను గ్రంథాలయ సంస్థలు నిర్వహించవచ్చు. ఐటీ ఉద్యోగులు చేరేటప్పుడే తమ సొంత రచనలు, యాప్‌ల జాబితాను అనుబంధంగా జతచేయమని హెచ్‌ఆర్‌ను అడగాలి. అడిగితే కాదనే కంపెనీలకన్నా, అడగని ఉద్యోగులే ఎక్కువ.

రచయితలు మొహమాటం విడవాల్సిన చోటు ఇదే. పుస్తకం వేస్తానన్న పెద్దమనిషిని కాగితం అడిగితే బాగుండదేమోనన్న సంకోచం వల్ల ఎవరికీ మేలు జరగలేదు. చట్టం రచయిత పక్షాన ఇన్ని నియమాలు రాసిపెట్టింది. ఒప్పందంలో వదిలేసిన ఖాళీలను చాలాచోట్ల అతనికి అనుకూలంగానే పూరిస్తుంది. అయితే ఆ నియమాలు కోర్టుదాకా వెళ్లగలిగినవారికే పనికొస్తాయి. ఓపికా డబ్బూ లేని మిగతావారికి మొదటి రోజే రాయించుకున్న రెండు పేజీలే చట్టం. ఏఐ రాయల్టీ అయినా, ఆడియో యాప్ ఆదాయం అయినా, సంతకమున్న ఒప్పందం చూపించినవారి ఖాతాలోకే చేరుతుంది. రాబోయే పుస్తకంతోనే ఆ అలవాటు మొదలుపెట్టాలి.